తిరుపతి ఎండలో పెరటి డెక్: ఖర్చు ఎలా లెక్క వేసుకోవాలి?

ఈమధ్య తిరుపతిలో కొత్త ఇల్లు కట్టేవాళ్లు పెరట్లో డెక్, అంటే ఆరుబయట కూర్చోవడానికి చెక్కో రాయో పరిచిన అరుగు, కావాలంటున్నారు. అరిజోనాలోనో టెక్సస్‌లోనో ఉన్న పిల్లలు పంపిన ఫొటో చూపించి, ఇలాంటిది వేస్తే ఎంతవుతుందని మేస్త్రీని అడుగుతున్నారు. ఆయన అడుగుకు ఇంత అని ఒక రేటు చెప్తాడు. అది చాలావరకు పైన పరిచే చెక్కకో రాయికో రేటు. అడుగున బెడ్డు (మట్టి నింపి కాంక్రీట్ వేసిన దిమ్మె), పైన నీడ, ఏటా మెయింటెనెన్స్ అందులో ఉండవు. డబ్బంతా వీటికే పోతుంది.

పైగా అరిజోనాలోని ఫీనిక్స్ లాంటి ఎడారి ఊళ్లో ఏడాది మొత్తం మీద 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మనకు ఏప్రిల్, మేలో నలభై దాటే ఎండ, అక్టోబర్ నుంచి ఈశాన్య రుతుపవనాల వాన, వీటికి తోడు చెద. మేలో నెర్రెలిచ్చిన చెక్కలోకి నవంబర్ వాన దిగుతుంది. కాబట్టి వాళ్ల ఎస్టిమేట్ మనకు పనికిరాదు.

ముందు చోటు చూసుకోండి

ఇంటికి తూర్పున పెరడు ఉంటే మీ అదృష్టం. మధ్యాహ్నం దాటాక ఇంటి నీడే అక్కడ పడుతుంది, సాయంత్రం హాయిగా కూర్చోవచ్చు. పడమర పెరడైతే మాత్రం నీడకు విడిగా బడ్జెట్ రాసుకోవాల్సిందే. జీఐ (జింకు పూత ఇనుప) పైపులు పాతి షేడ్ నెట్ కట్టడం చౌక, కానీ నెట్ ఎండకు చివికిపోతుంది, మళ్లీ మార్చాలి. రేకుల షెడ్డు కింద మే నెలలో కూర్చోవడం నా వల్లయితే కాదు. చోటుంటే పడమర వైపు ఒక వేపచెట్టో కానుగచెట్టో ఇప్పుడే నాటండి, నెట్ చిరిగే నాటికి అది ఎదుగుతుంది.

తర్వాత కొలత

12 అడుగులకు 12 అడుగులు అనుకుందాం. 144 చదరపు అడుగులు, అంటే తిరుపతి లెక్కలో నాలుగు అంకణాలు. నలుగురు కుర్చీలు వేసుకుని కూర్చోవడానికి ఇది చాలు. ఫొటోలో పెద్దది బాగుందని పెంచుకుంటూ పోకండి. అడుగు రేటులో పది రూపాయల తేడా వస్తే 144 అడుగులకు 1,440 రూపాయలు. ముక్కల వృథా పది శాతం కలిపితే 1,584. కొలత పెరిగితే ఇదీ పెరుగుతుంది.

బెడ్డు లెక్క

నేల నుంచి అడుగున్నర ఎత్తు, ఒక వైపు ఇంటి గోడ, మూడు వైపులా 9 అంగుళాల కట్టుబడి అనుకుంటే లోపల ఒక అడుగు మేర మట్టి నింపాలి. దిమ్మిస (మట్టిని కొట్టి గట్టిపరచడం) అయ్యాక 120 ఘనపుటడుగులు కావాలంటే వదులు మట్టి 150 దాకా పడుతుంది. వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి యూనిట్‌న్నర తోలించాలి. నీళ్లు పోసి పొరలు పొరలుగా దిమ్మిస చేయించండి. ఇక్కడ కక్కుర్తి పడితే మొదటి వానాకాలానికే బెడ్డు కుంగుతుంది. మట్టికి చెదమందు కొట్టించేది కూడా ఇప్పుడే, రాయి పరిచాక ఎంత ఖర్చు పెట్టినా ఇంత బాగా కుదరదు.

దానిపైన నాలుగంగుళాల కాంక్రీట్ అంటే 48 ఘనపుటడుగులు. సిమెంట్, ఇసుక, కంకర 1:4:8 పాళ్లలో కలిపితే సిమెంట్ ఐదు బస్తాలు. కట్టుబడికి, రాయి కింద మాలుకు సిమెంట్ వేరే. పాత కొటేషన్ చేతిలో ఉంటే మళ్లీ అడగండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇసుక 2024 జులై నుంచి ఉచితమే గానీ, తవ్వకం, లోడింగ్, రవాణా ఛార్జీలు మనమే కట్టాలి.

చాలామంది మర్చిపోయేది క్యూరింగ్ నీళ్లు. వేడిగా, పొడిగా ఉండే వాతావరణంలో కాంక్రీట్‌ను కనీసం పది రోజులు తడిగా ఉంచాలి. గోనె పట్టాలు కప్పి, పొద్దునా సాయంత్రం తడపాలి. బోరు ఎండే కాలంలో పని పెట్టుకుంటే ట్యాంకర్ డబ్బులూ కలపండి. పొంగల్ తర్వాత మొదలుపెట్టి మార్చిలోపు ముగిస్తే ఆ టెన్షన్ ఉండదు.

చెక్కా, డబ్ల్యూపీసీనా, రాయా?

చెక్కయితే: అంగుళం మందం పలకలకు 12 ఘనపుటడుగులు, వృథాతో 13. కింద 3×2 అంగుళాల దూలాలు 16 అంగుళాలకొకటి చొప్పున పది, వాటికి ఇంకో 5. మొత్తం 18 ఘనపుటడుగులు. ఈ అంకె పట్టుకుని టింబర్ డిపోకు వెళ్లండి. నాలుగంగుళాల పలకలు 35 దాకా వస్తాయి. ప్రతి దూలం మీదా రెండేసి స్క్రూలంటే 700. అవి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కాకపోతే తుప్పు మరకలు పలకల మీద చారలు కడతాయి. ఏటా వేసవి ముందు ఆయిల్ కోటింగ్ వేయాలి. ఐదేళ్ల ఆయిల్, కూలి కూడా ఇవాళ్టి ఎస్టిమేట్‌లోనే రాసుకోండి. చాలామంది మనసు అక్కడే మారుతుంది.

డబ్ల్యూపీసీ అంటే చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక. దానికి చెద పట్టదు, ఆయిల్ అక్కర్లేదు. కానీ అందులో ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి ముదురు రంగుది ఎండకు బాగా కాలుతుంది, వేడికి పొడవు సాగుతుంది. చివర్లలో కంపెనీ చెప్పినంత సందు వదలకుండా బిగిస్తే పలకలు పైకి లేస్తాయి.

నన్నడిగితే రాయే. చిత్తూరు వైపు గ్రానైట్ దగ్గరే దొరుకుతుంది, రవాణా కలిసొస్తుంది. నల్లటి కడప బండ తక్కువలో వస్తుందని ఆశపడొద్దు. ఆరుబయట అది పెనమైపోతుంది. తిరుమల మాడవీధుల్లో వేసవిలో భక్తుల కాళ్లు కాలకుండా తెల్ల కూల్ పెయింట్ వేసేది ఇందుకే. లేత రంగు రాయిని, పాలిష్ లేకుండా గరుకు ఫినిష్‌లో తీసుకోండి, వానకు జారదు. యార్డుకు మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, ఎండలో పడున్న నమూనా ముక్క మీద చెప్పులు విప్పి నిలబడండి. పది లెక్కపెట్టేలోపు కాలు తీసేస్తే ఆ రాయి వద్దు.

రాయి రేటు అడిగేటప్పుడే అంచుల సంగతీ తేల్చుకోవాలి. మూడు వైపులా 36 రన్నింగ్ ఫీట్ ఉంటుంది, మెట్లుంటే ఇంకా ఎక్కువ. మౌల్డింగ్ (అంచును నున్నగా మలచడం) కూలి అడుగు రేటులో కలవదు, బిల్లు వచ్చినప్పుడు గొడవ పడేది ఎక్కువగా దీని దగ్గరే.

బేల్దారితో మాట

రోజు కూలికి కాకుండా అడుగు లెక్కన మాట్లాడుకోండి. దిమ్మిస, కాంక్రీట్, రాయి పరచడం, అంచులు, చెత్త ఎత్తడం, ఏది ఎవరి బాధ్యతో కాగితం మీద రాయించండి. అనుకోని ఖర్చులకు మొత్తం ఎస్టిమేట్ మీద పది శాతం పక్కన ఉంచుకోండి.

వాలు సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంటి గోడ నుంచి బయటికి అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 12 అడుగులకు అంగుళంన్నర. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైన సంగతి గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చివరి విడత డబ్బులు ఇచ్చేముందు ఇంటి గోడ దగ్గర రెండు బిందెల నీళ్లు పోయించండి. ఎక్కడైనా మడుగు కడితే ఆ రాయి లేపి మళ్లీ వేయించాకే లెక్క తేల్చండి.