పిల్లల్ని పెట్టుకుని కూడా గుండుకి నూలు టోపీ అల్లడం ఎలా?

శనివారం మాలకొండకు వెళ్ళో, పెంచలకోనలోనో తిరుమలలోనో పుట్టువెంట్రుకలు తీయించుకునో వచ్చిన బిడ్డకి చుట్టాలు పెట్టే టోపీలు చూస్తే నాకు బాధేస్తుంది. గంధం ఇంకా ఆరని గుండు మీద బజారులో కొన్న అక్రిలిక్ టోపీ! మా కావలి ఎండకి పది నిమిషాల్లో లోపలంతా చెమట, సాయంత్రానికి చెమటకాయలు. చేత్తో అల్లినవైనా బాగుంటాయా అంటే, సగం టోపీలు తలకి ఎక్కవు, మిగతా సగం కళ్ళ మీదికి జారతాయి.

ఎనిమిదేళ్ళుగా అల్లుతున్నాను. అందులో ఎక్కువ భాగం నా ఇద్దరు పిల్లలు పుట్టాక అల్లినదే. తమ్ముడి కూతురికి, ఆడపడుచు కొడుక్కి, మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక టోపీ ఇచ్చాను. "పిల్లలతో నీకు ఎట్లా కుదురుతుందమ్మా?" అని అందరూ అడుగుతారు. ఈ టోపీ మొత్తం 52 వరుసలు. రోజుకి నాలుగు వరుసలు అల్లితే 13 రోజులు. అల్లిక ఎవరికైనా వారంలో వస్తుంది. పిల్లలున్న ఇంట్లో టోపీ పాడయ్యేది మధ్యలో లేచినప్పుడు, తిరిగి కూర్చున్నప్పుడు. ఆ సంగతి ఎవరూ సరిగ్గా నేర్పరు కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

కావలసినవి

పత్తి దారం 50 గ్రాములు సరిపోతుంది. నేను మాత్రం 100 కొంటాను, తర్వాత వెళితే అదే రంగు దొరకదు. 8 నంబరు సూదులు ఒక జత, 10 నంబరువి ఒక జత. మన దగ్గర నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. ఇవి కాక ఒక క్రోషా సూది (మొనకి కొక్కెం ఉండేది), మొద్దు మొన ఉన్న పెద్ద సూది, నాలుగు పిన్నీసులు, రెండు రబ్బరు బ్యాండ్లు, కొలత టేపు.

ఊళ్ళో గుమ్మం తోరణాలకు కొనే 'ఊలు' చాలావరకు అక్రిలిక్కే. దారం మీద అనుమానం వస్తే చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్లతో కాల్చండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి నల్ల పూసలా గట్టిపడుతుంది. సన్న పత్తి దారమే దొరికితే రెండు పోగులు కలిపి అల్లండి. రంగు విషయంలో నా మాట వినండి, తెలుపు వద్దు. గంధం మరక పోదు. పసుపు, ముదురు ఆకుపచ్చ, ఇటుక రంగు మంచివి.

క్రోషా ఎందుకు వద్దు

పిల్లలున్నవాళ్ళు క్రోషా అల్లుకోవడమే మేలని చాలామంది అంటారు. అందులో ఎప్పుడూ ఒక్క కుట్టే తెరిచి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా ఆపొచ్చు. ఆ మాట నిజమే. క్రోషా మీద నాకు చాలా గౌరవం ఉంది, మన నరసాపురం లేసు అంతా క్రోషానే. అయితే లేసు వేరు, టోపీ వేరు. మామూలు క్రోషా కుట్టు దళసరిగా, బిరుసుగా వస్తుంది, దారం కూడా ఎక్కువ తింటుంది. రెండు సూదుల అల్లిక పలచగా ఉండి, తలతో పాటు సాగుతుంది. ఏడాది బిడ్డ గుండు మీద పెట్టేదానికి ఆ మెత్తదనం కావాలి. మధ్యలో ఆపడానికి వీలుగా ఉంటుందని బిడ్డకి బిరుసు టోపీ పెట్టడం నాకు ఇష్టం లేదు.

కొలత

ఏడాది బిడ్డ తల చుట్టుకొలత 46 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. వాళ్ళు దూరంగా ఉంటే బిడ్డ తల్లికి ఫోన్ చేసి కొలవమనండి: టేపు ముందు కనుబొమల పైనుంచి, వెనక తల బాగా ఎత్తుగా ఉన్న చోటు మీదుగా రావాలి. టోపీ తల కంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉంటేనే నిలుస్తుంది.

ముందు ఒక నమూనా ముక్క అల్లాలి. 8 నంబరు సూదులతో 30 కుట్లు ఎక్కించి, ఒక వరుస నిట్ (మన వైపు నున్నగా వచ్చే కుట్టు), ఒక వరుస పర్ల్ (మన వైపు బుడిపెగా వచ్చే కుట్టు) చొప్పున 30 వరుసలు అల్లండి. దాన్ని ఉతికి, ఆరబెట్టి, అప్పుడు మధ్యలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. 22 రావాలి. 24 వస్తే మీ చెయ్యి బిగువు, కొంచెం లావు సూది తీసుకోండి. 20 వస్తే సన్న సూది. ఉతక్కుండా కొలిస్తే ఆ కొలతకి అర్థం లేదు, పత్తి నీళ్ళు తగిలాక మారుతుంది.

అల్లడం

98 కుట్లు ఎక్కించండి. ఎక్కించేటప్పుడు రెండు సూదులు కలిపి పట్టుకుని ఎక్కించి, తర్వాత ఒకటి లాగేయండి, అంచు వదులుగా వస్తుంది. తలకి ఎక్కని టోపీలన్నీ ఇక్కడ బిగించి ఎక్కించినవే. 10 నంబరు సూదులతో ఒక కుట్టు నిట్, ఒక కుట్టు పర్ల్ చొప్పున 10 వరుసలు బోర్డర్. తర్వాత 8 నంబరుకి మారి, ముందు వరుస నిట్, వెనక వరుస పర్ల్, ఇలా 20 వరుసలు. అప్పటికి దాదాపు 10 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. తల ఇంకా పెద్దదైతే మొదట్లోనే ఎనిమిది కుట్లు పెంచుకోండి, చుట్టుకొలత మూడున్నర సెంటీమీటర్లకు కాస్త పైగా పెరుగుతుంది.

మధ్యలో లేవాల్సి వస్తే

దయచేసి ఇక్కడ నెమ్మదిగా చదవండి.

వీలైనంతవరకు వరుస పూర్తి చేసే లేవాలి. కానీ బిడ్డ మంచం మీద నుంచి పడితే వరుస పూర్తి చేయమని ఎవరూ చెప్పరు. అప్పుడు చేయాల్సింది ఐదు సెకన్ల పని. రెండు సూదుల మీద ఉన్న కుట్లను మొన నుంచి గుండీ ఉన్న చివరికి తోసేయండి. రెండు సూదులూ జతగా పక్కపక్కన పట్టుకుని రబ్బరు బ్యాండు చుట్టండి. గుడ్డ సంచిలో వేసి పిల్లల చెయ్యి అందని మేకుకి తగిలించండి. సోఫా మీద పెట్టకూడదు, దిండు కింద పెట్టకూడదు. పిల్లలున్న ఇంట్లో ఆ మొనలు కళ్ళకి ప్రమాదం, ఇందులో ఏ మినహాయింపూ లేదు.

ఇక తిరిగి కూర్చున్నప్పుడు ఎక్కువమంది చేసే తప్పు సూదుల్ని తారుమారుగా పట్టుకోవడం. ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది కుట్టుకి వేలాడుతుందో చూడండి. ఆ సూది కుడిచేతిలోకి రావాలి. ఎడమచేతిలోకి వస్తే మీరు వచ్చిన దారినే వెనక్కి అల్లుకుంటూ పోతారు. అక్కడ ఒక చిల్లు పడుతుంది, ఆ పక్క రెండు వరుసలు ఎక్కువై టోపీ ఒక వైపు ఎత్తుగా లేస్తుంది. మా తమ్ముడి కూతురి టోపీలో ఇది జరిగితే పద్నాలుగు వరుసల తర్వాత చూసుకున్నాను. అంతా విప్పి మళ్ళీ అల్లాను. అప్పట్నుంచి సూది పట్టుకునే ముందు దారం ఎటుందో చూడనిదే మొదలుపెట్టను.

రెండో సంగతి, ఇది నిట్ వరుసా, పర్ల్ వరుసా? గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించకండి, అల్లిక చెబుతుంది. మీకు ఎదురుగా జడ పాయల్లా నున్నటి వైపు ఉంటే నిట్. ఆవగింజలు పరిచినట్టు బుడిపెల వైపు ఉంటే పర్ల్. బోర్డర్‌లో అయితే ఒక్కో కుట్టు కింద చూడండి, జడ పాయ కనబడితే నిట్, బుడిపె కనబడితే పర్ల్. వరుస అయిన వెంటనే గోడ క్యాలెండరులో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకోండి. ఫోన్లో రాసుకోవద్దు. ఫోన్ తీస్తే ఆ అరగంట అందులోనే పోతుంది.

మూడోది, అందరూ భయపడేది, కుట్టు జారిపోవడం. పత్తి దారం ఊలులా ఒకదాన్నొకటి పట్టుకోదు, అందుకే త్వరగా జారుతుంది. జారిన కుట్టు కనబడగానే దారం లాగకండి, బట్టని సాగదీయకండి. ముందు ఒక పిన్నీసు ఆ ఉచ్చులోంచి పెట్టి బిగించేయండి. ఇక అది ఇంకో వరుస కిందికి పోదు. పాప ఏడుస్తుంటే అలా వదిలేసి వెళ్ళినా ఏమీ కాదు, రాత్రికి చూసుకోవచ్చు.

తీరిక దొరికాక, అల్లుతూ అల్లుతూ జారిన కుట్టు పైకి రాగానే ఆగి, నున్నటి వైపు మీ ఎదురుగా తిప్పుకోండి. ఆ ఉచ్చు పైన నిచ్చెన మెట్లలా అడ్డదారాలు కనబడతాయి. ఎన్ని మెట్లుంటే అన్ని వరుసలు జారినట్టు. క్రోషా సూదిని ముందు నుంచి ఉచ్చులోకి దూర్చి, అన్నిటికంటే కింది మెట్టుని కొక్కేనికి తగిలించి ఉచ్చులోంచి ఇవతలికి లాగండి. ఒక వరుస పైకి వచ్చారు. తర్వాత దానిపై మెట్టు. ఒక్క మెట్టు కూడా దాటేయకూడదు, దాటితే వెనకవైపు పొడుగు దారం వేలాడుతుంది, బిడ్డ వేలు అందులో ఇరుక్కోవచ్చు. పైదాకా వచ్చాక కుట్టుని ఎడమ సూది మీద పెట్టేటప్పుడు దాని కుడి కాలు సూదికి ముందువైపు ఉండాలి. వెనకవైపు పడితే ఆ కుట్టు మెలితిరిగి బిగుసుకుంటుంది. మిగతా కుట్ల పక్కన పెట్టి పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది.

పిల్లాడు సూదే లాగేస్తే? టోపీని బల్ల మీద పరిచి ముట్టుకోకుండా ఉంచండి. గాలికి కుట్లు ఊడవు, లాగితేనే ఊడతాయి. 10 నంబరు సూదితో ఒక చివర నుంచి ఉచ్చుల్ని ఒక్కొక్కటిగా ఎక్కించుకుంటూ రండి, 98 లెక్క సరిపోయాకే మళ్ళీ 8 నంబరుతో అల్లండి. లెక్క తక్కువైతే కళ్ళు కాస్త కిందికి దించండి, ఎక్కడో ఒకటి రెండు వరుసల కింద ఆ కుట్టు ఉంటుంది.

నిద్రమత్తులో అల్లకండి. పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి, పొద్దున లేచి విప్పినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మధ్యాహ్నం చిన్నది నిద్రపోయే అరగంటే మంచిది. చెయ్యి బిగువు కూడా సమంగా ఉంటుంది.

పైభాగం, కుట్టడం

30 వరుసలయ్యాక ముందువైపు వరుసలో, మొదటి కుట్టు మామూలుగా అల్లి, తర్వాత 10 అల్లి రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లండి. ఇలా ఎనిమిది సార్లు, చివరి కుట్టు మామూలే. 90 మిగులుతాయి. వెనక వరుసంతా పర్ల్. తర్వాతి ముందు వరుసలో 9 అల్లి రెండు కలపండి, ఆ తర్వాత 8 అల్లి రెండు. ఇలా ప్రతి ముందు వరుసలో ఒకటి తగ్గించుకుంటూ వెళితే పదకొండోసారి, మొదటి చివరి కుట్లు వదిలి, ఊరికే రెండేసి కలపడమే. ఆఖరి పర్ల్ వరుస కూడా అయ్యాక పది కుట్లుంటాయి. 40 సెంటీమీటర్ల దారం ఉంచి కత్తిరించి, పెద్ద సూదితో ఆ పది కుట్లలోంచి లాగి గట్టిగా బిగించండి. అదే దారంతో వెనక అతుకు కిందిదాకా కుట్టేయండి. లోపలి చివర్లు ఐదారు సెంటీమీటర్లు అల్లికలోకి దూర్చి దాచాలి, ముడి వేసి వదిలేయకూడదు. ముడి గుండుకి గుచ్చుకుంటుంది.

పైన ఊలు బంతి పెట్టొద్దు, బిడ్డ పీకి నోట్లో పెట్టుకుంటుంది. గడ్డం కింద కట్టే తాళ్ళు అసలే వద్దు, మెడకి చుట్టుకుంటాయి. "తాడు లేకపోతే నిలవదు కదా" అని మా అత్త ప్రతిసారీ అంటుంది. కొలత సరిగ్గా తీసుకుంటే నిలుస్తుంది, అత్తా.

ఇచ్చే ముందు

చల్లటి నీళ్ళలో కొంచెం కుంకుడు రసం వేసి చేత్తో ఉతకండి. పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే పత్తి సాగిపోయి, మీరు తీసుకున్న కొలతంతా వృథా అవుతుంది.

ఇచ్చేటప్పుడు బిడ్డ తల్లికి ఒక మాట చెప్పండి: బయట ఎండకో, కొండ మీద చలిగాలికో పెట్టాలి, ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు తీసేయాలి, తల వేడెక్కకూడదు. మిగిలిన దారం రెండు మీటర్లు చిన్న అట్టముక్కకి చుట్టి టోపీ లోపల పెట్టండి. ఎక్కడైనా కుట్టు తెగితే వాళ్ళు అదే దారంతో కుట్టుకుంటారు. ఆడపడుచు కొడుకు టోపీ అలా రెండుసార్లు కుట్టించుకుని ఇప్పుడు వాడి చెల్లెలి తల మీద ఉంది.