మళ్లీ పెళ్లయ్యాక పిల్లల మనోవర్తి: కొత్త భాగస్వామి జీతం లెక్కలోకి వస్తుందా?

"ఆమె కొత్త భర్త బాగానే సంపాదిస్తున్నాడుగా, పిల్లాడికి నేనెందుకివ్వాలి?" తల్లి మళ్లీ పెళ్లి చేసుకోగానే తండ్రి వైపు నుంచి వచ్చే వాదన ఇది. ఇవ్వాల్సిందే. హిందూ దత్తత, మనోవర్తి చట్టం (1956) 20వ సెక్షన్ బిడ్డ పోషణను కన్న తల్లిదండ్రులిద్దరి మీదా పెట్టింది, మారుతండ్రి మీద పెట్టలేదు. అతను చట్టప్రకారం దత్తత తీసుకుంటే తప్ప ఆ బాధ్యత మారదు. స్కూల్లో ఇంటిపేరు మార్పిస్తే అది దత్తత కాదు.

చిక్కు మొదలయ్యేది ఆర్డర్ రాయించుకునేటప్పుడే. "తల్లీబిడ్డలకు కలిపి నెలకు 20,000" అని ఒకే అంకె ఉంటే, ఆమె పెళ్లి కాగానే తండ్రి మొత్తం ఆపేస్తాడు. బిడ్డ వాటా ఎంతన్నది మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి. అందుకే పిటిషన్‌లోనే విడదీసి అడగండి: మొదటి పిటిషనర్ తల్లికి 12,000, రెండో పిటిషనర్ బిడ్డకు 8,000. అప్పుడు పెళ్లి వల్ల పోయేది ఆ 12,000 మాత్రమే, అదీ కోర్టు రద్దు చేస్తేనే. పరస్పర అంగీకార విడాకుల ఒప్పందంలోనూ ఇలాగే రాయించండి.

కొత్త భాగస్వామి జీతం దొడ్డిదారిన వచ్చే చోటు ఒకటుంది. రజ్నేష్, నేహా మనోవర్తి కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలని చెప్పింది. అందులో ఖర్చుల పట్టికను వరసన వేలు పెట్టి చదవండి. మళ్లీ పెళ్లి చేసుకున్న తండ్రి "అద్దె 24,000, భార్య నా మీదే ఆధారపడింది" అని రాశాడనుకోండి. ఆ కొత్త భార్య ఉద్యోగం చేస్తూ సగం అద్దె కడుతుంటే అతని అసలు భారం 12,000. అద్దె ఏ ఖాతా నుంచి వెళ్తోందో బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపించి క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ లాయర్‌తో అడిగించండి. ఆమె జీతాన్ని మాత్రం అతని ఆదాయంలో కలపమనకండి, ఆ వాదన నిలవదు.

రెండో సంసారంలో బిడ్డ పుడితే తండ్రి తగ్గింపు అడగొచ్చు, తనంతట తాను తగ్గించుకోకూడదు. ఆర్డర్ పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 సెక్షన్, అంటే దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 కింద వచ్చిందైతే 146 కింద పిటిషన్ వేయాలి. హిందూ వివాహ చట్టం 26 కింద వచ్చిందైతే ఆ సెక్షన్ కిందే. మార్పు ఆర్డర్ వచ్చేదాకా పాత మొత్తం బకాయిగా పేరుకుంటుంది, ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు పడొచ్చు.

తల్లి వైపు జరిగే పొరపాటు ఆలస్యం. 144 కింద బకాయికి వారెంట్ కావాలంటే ఆ డబ్బు చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. ఏ నెల ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్నది నెలనెలా నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.