జనం మధ్యలో ఎవరైనా పడిపోతే సాయం రప్పించడం ఎలా

ఒడిశాలో మన తెలుగువాళ్ళుండే పర్లాకిమిడి బజార్లోనో రాయగడ స్టేషన్లోనో ఒక మనిషి కళ్ళు తిరిగి పడిపోయాడనుకోండి, చుట్టూ బోల్డుమంది మూగుతారు గానీ ఎవరూ ముందుకి రారు, వీళ్ళకి మానవత్వం లేదని తిట్టేస్తాం కదా, అది అన్యాయం అండీ. "ఎవరో ఒకరు చూస్తార్లే" అని అందరూ అనుకునేసరికి బాధ్యత ఎవరి మీదా పడదు, పైగా పక్కవాళ్ళు తాపీగా నిలబడితే పెద్ద విషయం కాదేమో అనిపిస్తుంది. 1968లో డార్లీ, లటానే అనే అమెరికా సైకాలజిస్టులు గదిలోకి పొగ వదిలి చూశారు. ఒంటరిగా ఉన్నవాళ్ళలో 75 శాతం మంది వెళ్ళి చెప్పారు, పట్టనట్టు నటించే ఇద్దరితో కూర్చున్నవాళ్ళలో 10 శాతమే.

అందుకే "ఎవరైనా రండి" అని అరవకండి. ముందు "ఈయనకి స్పృహ లేదు, ఎమర్జెన్సీ" అని గట్టిగా చెప్పండి, అనుమానం పోతుంది. తర్వాత ఒక్కరి కళ్ళలోకి చూసి, వేలు చూపించి "నీలం చొక్కా బాబూ, నువ్వు 108కి ఫోన్ చెయ్" అనండి. ఇంకొకర్ని "అమ్మా, మీరు ఈయన పక్కన ఉండండి" అనండి. ఒడియా రాకపోయినా పర్లేదు, మనవైపు చాలామందికి తెలుగు తెలుసు, తెలీనివాళ్ళకి సైగ చాలు. ఇదే అన్నిటికంటే ముఖ్యం, పేరు తెలీకపోయినా పని ఒక మనిషికి అప్పజెప్పాలి.

ఒకరు కదిలితే మిగతావాళ్ళూ వస్తారు. రెండు నిమిషాలాగి ఆ నీలం చొక్కా అబ్బాయిని "కాల్ కలిసిందా" అని మళ్ళీ అడగండి.