ఇంజన్ హెడ్ పని నేర్చుకుందాం – 5వ పాఠం: వాల్వ్ స్ప్రింగులకు, రాకర్లకు ఏ టూల్స్ కావాలి?

పోయిన పాఠంలో వాల్వ్ కవర్ తీసి, లోపల ఏది ఎక్కడ ఉంటుందో చూశాం. ఈ పాఠంలో ఇంకా ఏదీ విప్పం. విప్పడానికి ఏం కావాలో ఎంచుకుంటాం. వాల్వ్ స్ప్రింగ్ మార్చాలనగానే చాలామంది పెట్టె నిండా ముక్కలున్న పెద్ద సెట్టు కొనేస్తారు. తీరా పనిలోకి దిగాక అందులో సగం ముక్కలు తమ ఇంజన్‌కి పట్టవు, కావాల్సిన ఒక్క ముక్కా అందులో ఉండదు. టూల్‌ని నిర్ణయించాల్సింది మీ హెడ్ కట్టిన తీరు. అందుకే ముందు హెడ్‌ని చదవడం నేర్చుకుందాం.

పని ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. స్ప్రింగ్ పైన రిటైనర్, అంటే స్ప్రింగ్‌ని అదిమి ఉంచే చిన్న మూత, కూర్చుంటుంది. రిటైనర్‌ని వాల్వ్ కాడకు పట్టి ఉంచేవి రెండు అర్ధచంద్రాకారపు చిన్న ముక్కలు, అవే లాకులు. రిటైనర్‌ని కొన్ని మిల్లీమీటర్లు కిందికి నొక్కితే లాకులు వదులవుతాయి. వాటిని తీసేసి, నొక్కుడు మెల్లగా వదిలితే స్ప్రింగ్ చేతికొస్తుంది. చెప్పడానికి ఇంతే. అయితే వాల్వ్ మూసి ఉన్నప్పుడే ఆ స్ప్రింగ్ గట్టిగా తంతూ ఉంటుంది. సిలిండర్‌కు నాలుగు వాల్వులుండే చిన్న ఇంజన్లలో ఆ బలం సుమారు 15 నుంచి 25 కిలోలు, పెద్ద పుష్‌రాడ్ ఇంజన్లలో (వాల్వులను తెరిపించే క్యామ్ షాఫ్ట్ కింద బ్లాక్‌లో ఉండి, పొడవాటి కడ్డీలతో రాకర్లను, అంటే వాల్వ్‌ని నొక్కే చిన్న చేతులను, కదిపేవి) 35 కిలోలు, ఆ పైన కూడా. నొక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది. మధ్యలో టూల్ జారితే లాకులు, రిటైనర్ ఎగిరి మొహం మీదికి వస్తాయి. కాబట్టి మీరు కొనాల్సిన మొదటి వస్తువు కళ్లను కాపాడే సేఫ్టీ కళ్లద్దాలు. దీనికి మినహాయింపు లేదు.

ఇప్పుడు హెడ్ దగ్గర నిలబడి మూడు ప్రశ్నలు వేసుకోండి. హెడ్ విప్పి బల్ల మీద ఉందా, ఇంజన్ మీదే ఉందా? రిటైనర్ బయటికి కనిపిస్తోందా, గుంట అడుగున ఉందా? టూల్ దేన్ని పట్టుకుని కిందికి నొక్కాలి?

హెడ్ బల్ల మీద ఉంటే పని సులువు. సి ఆకారంలో ఉండే క్లాంప్ రకం స్ప్రింగ్ కంప్రెసర్ చాలు. దాని ఒక కొన కంబషన్ ఛాంబర్ వైపు వాల్వ్ మొహానికి ఆనుతుంది, రెండో కొన రిటైనర్‌ని నొక్కుతుంది. కొనేముందు చూడాల్సింది సి లోతు. హెడ్ అంచు నుంచి వాల్వ్ మధ్యకు ఎంత దూరముందో స్కేలుతో కొలవండి. క్లాంప్ లోతు అంతకంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే టూల్ ఏటవాలుగా కూర్చుంటుంది. ఏటవాలుగా నొక్కితే వాల్వ్ కాడ మీద పక్క ఒత్తిడి పడుతుంది, లాకులూ సరిగా వదలవు. లివర్ లాగి బిగించే రకం కంటే స్క్రూ తిప్పి బిగించే రకాన్నే కొత్తవాళ్లకు నేను చెబుతాను. నెమ్మదిగా సాగినా, ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది.

రిటైనర్ గుంటలో ఉంటే అసలు జాగ్రత్త అక్కడ కావాలి. క్యామ్ హెడ్ పైనే ఉండే ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్లలో, బకెట్ ట్యాపెట్లు (క్యామ్‌కూ వాల్వ్‌కూ మధ్య బోర్లించిన గిన్నెల్లాంటి ముక్కలు) ఉన్నవాటిలో స్ప్రింగ్, ట్యాపెట్ తిరిగే బోరు అడుగున దాగి ఉంటుంది. అక్కడికి పక్కన కిటికీలున్న గొట్టంలాంటి అడాప్టర్ దించాలి. ఈ అడాప్టర్‌ని మూడు కొలతలతో ఎంచుకోండి. బయటి వ్యాసం బోరు కంటే కనీసం ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. అంచు రిటైనర్ మీద పూర్తిగా ఆనాలి కానీ లాకుల మీదికి రాకూడదు. కిటికీ, లాకుతో పాటు మీ మ్యాగ్నెట్ కొన కూడా దూరేంత వెడల్పు ఉండాలి. మూడోదాన్ని అందరూ మరిచిపోతారు. స్ప్రింగ్ చక్కగా దిగుతుంది, లాకు ఎదురుగా కనిపిస్తుంది, బయటికి తీసే దారి మాత్రం ఉండదు. ఇంకో మాట: బోరు గోడ మీద చిన్న గీత పడినా ట్యాపెట్ పట్టేసే ప్రమాదం ఉంది. పల్చని ప్లాస్టిక్ షీటును చుట్టగా చుట్టి బోరులో పెట్టి, దానిలోంచి అడాప్టర్ దించండి.

హెడ్ ఇంజన్ మీదే ఉంటే కింది నుంచి పట్టు దొరకదు. అప్పుడు మూడో ప్రశ్నే టూల్‌ని తేలుస్తుంది. రాకర్లు విడివిడి స్టడ్ల మీద ఉండే పుష్‌రాడ్ ఇంజన్‌లో లివర్ రకం సరిపోతుంది: దాని గాడిని స్టడ్‌కు తగిలించి, పైన నట్టు వేసి, లివర్ పిడిని కిందికి నొక్కడమే. స్టడ్ లేని చోట రెండు కొక్కేల రకం వాడవచ్చు. అది స్ప్రింగ్ చుట్లనే పట్టుకుని స్క్రూతో దగ్గరికి లాగుతుంది. చుట్టూ వేళ్లు పెట్టేంత జాగా ఉంటేనే దాన్ని తీసుకోండి. ఓవర్‌హెడ్ క్యామ్ హెడ్లకు వంతెన రకం మంచిది. క్యామ్ క్యాపుల (క్యామ్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే మూతల) బోల్టు రంధ్రాల్లో రెండు కాళ్లు బిగించి, వాటి మీద అడ్డంగా ఒక కడ్డీ వేసి, దాని ఆధారంగా లివర్‌తో నొక్కుతారు. ఈ రకం కొనేటప్పుడు మీ క్యాప్ బోల్టుల థ్రెడ్ సైజు, కాళ్ల మధ్య దూరం రాసుకుని వెళ్లండి.

హెడ్ ఇంజన్ మీదే ఉన్నప్పుడు ఇంకో సమస్య ఉంది. లాకులు తీయగానే వాల్వ్‌ని పైన పట్టి ఉంచేది ఏదీ ఉండదు, సిలిండర్‌లోకి జారుతుంది. దాన్ని ఆపడానికి రెండు దారులు. ఒకటి గాలి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలో అడాప్టర్ బిగించి ఎయిర్ కంప్రెసర్ నుంచి 6, 7 బార్ గాలి పంపితే వాల్వులు మూసుకుని నిలబడతాయి. అడాప్టర్ థ్రెడ్ మీ ప్లగ్‌దే అయి ఉండాలి: 14 మి.మీ. ప్లగ్‌కు సాధారణంగా 1.25 మి.మీ. పిచ్ (అంటే థ్రెడ్ మరల మధ్య దూరం), 12 మి.మీ.కి 1.25, 10 మి.మీ.కి 1.0. కంప్రెషన్ టెస్టర్ గొట్టాన్నే వాడాలనుకుంటే, దాని కొనలో గాలిని ఒక వైపే వదిలే చిన్న వాల్వ్ ఉంటుంది, ముందు దాన్ని తీసేయాలి. పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో సరిగ్గా పైన, అంటే టాప్ డెడ్ సెంటర్‌లో ఉండాలి. కొంచెం అటూ ఇటూ ఉన్నా గాలి క్రాంక్‌ని ఒక్క ఊపున తిప్పేస్తుంది, కాబట్టి ఆ సమయంలో క్రాంక్ బోల్టు మీద పానా ఉంచకండి. పిస్టన్ పైన ఉండటంలో ఇంకో లాభం ఉంది. గాలి మధ్యలో ఆగినా వాల్వ్ కొంచెమే దిగి పిస్టన్ మీద ఆగుతుంది.

రెండోది తాడు. మెత్తని నైలాన్ తాడును, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో కాస్త కింద ఉండగా ప్లగ్ రంధ్రంలోంచి లోపలికి దూర్చి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా తిప్పాలి. పిస్టన్ తాడు ముద్దను వాల్వుల మీదికి అదిమి పెడుతుంది. తాడు కొస బయట వేలాడుతూ ఉండాలి, పోగులు ఊడే రకం వద్దు. ఎయిర్ కంప్రెసర్ లేనివాళ్లకు నేను నిస్సందేహంగా తాడే చెబుతాను. మధ్యలో ప్రెషర్ పడిపోతుందన్న టెన్షన్ ఉండదు.

చిన్న సామాను గురించి. చాలాకాలం తిరిగిన ఇంజన్‌లో లాకులు రిటైనర్‌లో బిగుసుకుపోయి ఉంటాయి. అలాగే కంప్రెసర్ బిగిస్తే టూల్ వంగుతుంది, స్ప్రింగ్ కదలదు. టూల్ పెట్టకముందే, రిటైనర్ అంచుకు సరిపడే పాత సాకెట్‌ని దాని మీద నిలబెట్టి, మెత్తని సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. టప్పున చిన్న శబ్దం వస్తుంది, లాకులు వదిలినట్టే. తీయడానికి పెన్నులా ఉండే సన్నని మ్యాగ్నెట్ కావాలి. తిరిగి పెట్టడానికి సన్నని స్క్రూడ్రైవర్, కొంచెం గ్రీజు. స్క్రూడ్రైవర్ మొనకు గ్రీజు రాసి లాకు వీపుకు అంటిస్తే అది మొన మీద నిలబడుతుంది. కాడ గాడిలోకి జార్చి తోస్తే అక్కడే ఉండిపోతుంది. స్ప్రింగ్‌ని లాకు పట్టేంతవరకే నొక్కండి. ఎక్కువ నొక్కితే రిటైనర్ కిందున్న ఆయిల్ సీల్‌కు తగిలి దాన్ని చీలుస్తుంది. ఎలాగూ స్ప్రింగ్ తీశారు కాబట్టి సీల్ కూడా మార్చండి. దానికి సీల్ ప్లయర్ ఉంటే హాయి. పని మొదలుపెట్టే ముందు హెడ్‌లోని ఆయిల్ దిగే రంధ్రాలన్నిటికీ గుడ్డ కుక్కాలి, లాకు అందులో పడితే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ దాకా పోవచ్చు.

ఇక రాకర్లు. ఇక్కడ టూల్స్ తక్కువ, కొలత ఎక్కువ. రాకర్ షాఫ్ట్ బోల్టుల్లో చాలావరకు 10 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య బిగించేవే. చక్రాల బోల్టులకు వాడే 40–200 రెంచ్‌తో అంత తక్కువ బిగింపు కుదరదు. 5–25 శ్రేణిలో చిన్న టార్క్ రెంచ్ విడిగా కొనండి. కళ్లద్దాలు కాక ఈ మొత్తం జాబితాలో ఒక్క వస్తువుకే డబ్బు పెట్టగలిగితే దీనికే పెట్టమంటాను. అల్యూమినియం హెడ్‌లో థ్రెడ్ ఊడితే దాన్ని బాగుచేయడం స్ప్రింగ్ మార్చడం కంటే పెద్ద పని. పాత మాన్యువల్లో కిలోగ్రామ్ మీటర్లలో ఉంటే, ఒకటి అంటే సుమారు 9.8 న్యూటన్ మీటర్లు.

సర్దుబాటు స్క్రూ ఉన్న రాకర్లకు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని బ్లేడుల కట్ట), లాక్ నట్టుకు రింగ్ స్పానర్, స్క్రూ తలకు సరిపడే స్క్రూడ్రైవర్ లేదా చదరపు కీ కావాలి. అయితే ఫీలర్ గేజ్ ఒక్కోసారి మోసం చేస్తుంది. రాకర్ మొన అరిగి చిన్న పల్లం పడితే, గేజ్ బ్లేడు ఆ పల్లం మీదుగా అడ్డంగా నిలుస్తుంది. మీకు 0.20 మి.మీ. అని తోస్తుంది, అసలు సందు అంతకంటే ఎక్కువ. అరుగుదల అనుమానముంటే మొన మీద వేలిగోరు అడ్డంగా లాగి చూడండి. అంచు తగిలితే ఆ రాకర్‌ని సర్దడం కాదు, మార్చడమే. షాఫ్ట్ అరుగుదలకు 0–25 మి.మీ. మైక్రోమీటర్ వాడాలి. రాకర్ తిరిగిన చోట, తిరగని చోట కొలిచి తేడా చూసి, మాన్యువల్లోని హద్దుతో పోల్చండి.

హైడ్రాలిక్ అడ్జస్టర్ (ఆయిల్ ఒత్తిడితో సందును తనే సర్దుకునే ముక్క) మీద ఆనే ఫింగర్ ఫాలోయర్లుంటే (క్యామ్ కింద వాల్వ్‌ని నొక్కే చిన్న చేతులు), కొన్ని ఇంజన్లకు క్యామ్ తీయకుండానే స్ప్రింగ్‌ని కాస్త దించి ఫాలోయర్‌ని పక్కకు లాగే టూల్ దొరుకుతుంది. ఇది ఇంజన్ కుటుంబానికొకటి. అందరికీ పనికొస్తుందని రాసి ఉన్నదాన్ని నమ్మకండి.

అభ్యాసం: వచ్చే పాఠంలో మొదటి సిలిండర్ స్ప్రింగ్ తీస్తాం. ఈలోగా ఒక కాగితం మీద ఇవి కొలిచి రాసి ఉంచండి: ప్లగ్ థ్రెడ్ సైజు, రిటైనర్ బయటి వ్యాసం, గుంట ఉంటే దాని వ్యాసం, లోతు, క్యామ్ క్యాప్ లేదా రాకర్ బోల్టుల సైజు, మాన్యువల్లో ఆ బోల్టులకు ఇచ్చిన టార్క్, విప్పే వరుస. లాకుల కింద వాల్వ్ కాడ మందం వెర్నియర్‌కు అందితే అదీ రాయండి. స్ప్రింగ్ చుట్లు కనిపించేలా పక్క నుంచి ఒక ఫోటో కూడా తీసి పెట్టుకోండి. చుట్లు ఒక కొన వైపు దగ్గరగా ఉన్నాయేమో అందులో చూడాలి. అలా ఉంటే ఏ కొన కింద ఉందో గుర్తు పెట్టుకోండి, బిగించేటప్పుడు దగ్గర చుట్లు హెడ్ వైపే రావాలి.