జనవరి బుక్ ఫెస్టివల్‌కి మీ పుస్తకం రావాలంటే జూన్‌లోనే మొదలుపెట్టండి

విజయవాడ పుస్తక మహోత్సవం మామూలుగా జనవరి మొదట్లోనే ఉంటుంది. స్టాళ్ల మధ్య తిరుగుతూ "వచ్చే ఏడాదికి నా నవల కూడా ఇక్కడుంటుంది" అని నేను వరసగా నాలుగేళ్లు అన్నాను. మొదటి పుస్తకం అలా నాలుగేళ్లు పట్టింది, రెండోది ఐదు నెలల్లో పూర్తయింది. చేతి వేగం ఏమీ పెరగలేదు. మొదటిసారి రోజూ కూర్చున్నాక "ఇవాళ ఏం రాయాలి" అని తేల్చుకోవడానికే సగం టైమ్ పోయేది, రెండోసారి ఆ తేల్చుకోవడం ముందు రోజే అయిపోయేలా చూసుకున్నాను, అంతే తేడా.

ముందు లెక్క వేసుకోండి. మన దగ్గర ఎక్కువగా వేసే డెమ్మీ సైజు పుస్తకంలో పేజీకి సుమారు 200 మాటలు పడతాయి, అక్షరాల సైజును బట్టి కాస్త అటూ ఇటూ. 150 పేజీలంటే 30,000 మాటలు. రోజుకు 300 రాస్తే వంద రోజులు. కానీ వరసగా వంద రోజులు ఎవరికీ దొరకవు, పెళ్లిళ్లు ఉంటాయి, దసరా ఉంటుంది, ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది. అందుకని వారానికి ఐదు రోజులే లెక్కలోకి తీసుకోండి, ఇరవై వారాలు అవుతుంది. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చడం), ప్రూఫులు (అచ్చుతప్పులు దిద్దడం), కవరు, ప్రింటింగ్ అన్నీ కలిపి నెలన్నర పెట్టుకుంటే జూన్ మధ్యలో మొదలుపెట్టాల్సిందే. మే నెల వదిలేయండి. మన ఎండలకి ఆ నెలలో కొత్త అలవాటు నిలబడదు.

ఇక అసలు సంగతి. ఆ రోజు రాయడం ఆపేముందు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో మామూలు మాటల్లో రెండు లైన్లు రాసి పెట్టుకోండి. నా నవల మిరప రైతుల గురించి. ఒక రోజు చివర్లో ఇలా రాసుకున్నాను: "కళ్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి, మబ్బు పట్టింది, తాతయ్య పట్టల కోసం పరిగెడుతున్నాడు, నాయనమ్మ ఒక్కతే కాయలు కుప్ప చేస్తోంది." మర్నాడు పొద్దున ఐదింటికి లేచి అది చదవగానే చెయ్యి దానంతటదే కదిలింది, నలభై నిమిషాల్లో నాలుగు వందల మాటలు దాటాయి. సీన్ బాగా సాగుతున్నప్పుడే ఆపండి, మొత్తం ఖాళీ అయ్యేదాకా రాస్తే మర్నాడు మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవాల్సి వస్తుంది. ఇది మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, మనసొప్పదు, అయినా చేయండి.

నిన్న రాసింది దిద్దకండి. చివరి పేరా ఒక్కటి చదువుకుని ముందుకెళ్లండి. నేను మొదటి పుస్తకంలో మొదటి అధ్యాయాన్ని ఎన్నిసార్లు తిరగరాశానో లెక్కే లేదు, ఆ టైమంతా కలిపితే ఇంకో పుస్తకం వచ్చేది. దిద్దాలనిపించింది ఏదైనా ఉంటే విడిగా ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

తెలియని విషయం వచ్చినప్పుడు కూడా అంతే. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా వేశాక రైతు చేతికి ఏం కాగితం ఇస్తారు, ఆ ఏడాది ధర ఎంత ఉంది, ఇలాంటివి రాసే మధ్యలో ఫోన్లో వెతకడం మొదలుపెడితే గంట గడిచిపోతుంది. అక్కడ మూడు చుక్కల గుర్తులు పెట్టి ముందుకెళ్లిపోండి. నావి ఇరవై దాకా పోగయ్యాక ఓ రోజు సెలవు పెట్టి యార్డుకి వెళ్లాను, మా పెదనాన్న వరసయ్యే ఒకాయనతో సాయంత్రం దాకా కూర్చున్నాను, అన్నీ ఒకేసారి తేలిపోయాయి. పైగా ఆయన చెప్పిన మాటల్లోంచే రెండు కొత్త సీన్లు వచ్చాయి.

గుంటూరు, విజయవాడ మధ్య రోజూ తిరిగేవాళ్లకి రైల్లో గంట దొరుకుతుంది. రొద వల్ల అక్కడ వాయిస్ టైపింగ్ సరిగా పట్టదు, చేత్తోనే కొట్టాలి. సాయంత్రం డాబా మీద నడుస్తూ అయితే ఫోన్‌కి చెబుతూ రాయడం బాగుంటుంది, ముఖ్యంగా సంభాషణలు, నోటితో పలికితేనే మన యాస సరిగ్గా పడుతుంది. అది తప్పులు రాస్తుంది, ఆదివారం కూర్చుని సరిచేసుకోవచ్చు.

ఒక స్నేహితుణ్ణి పట్టుకోండి. రోజూ రాత్రి వాట్సాప్‌లో ఆ రోజు మాటల లెక్క పంపండి, కథ పంపొద్దు, అంకె చాలు. నా స్నేహితుడు "ఏరా, నిన్న అంకె రాలేదేం?" అని ఒక్క మెసేజ్ పెట్టేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నో రాత్రులు పదకొండింటికి లేచి కూర్చుని రాశాను.

చేత్తో రాసేవాళ్లు ప్రతి పేజీకీ అదే రోజు ఫోటో తీసి ఇంకెవరికైనా పంపండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడుండే నాకు తెలిసిన ఒక అక్క రెండు లాంగ్ నోట్‌బుక్కుల నవల నీళ్లపాలైంది. ఇప్పుడు మళ్లీ మొదటి పేజీ నుంచి రాస్తోంది.

యూనికోడ్‌లో (ఫోన్లో మనం మామూలుగా టైప్ చేసే తెలుగు) టైప్ చేస్తే మీ డీటీపీ ఆపరేటర్ ఏ ఫాంట్లు వాడతారో ముందే అడగండి. డీటీపీ వాళ్లు వాడే పాత రకం అనూ ఫాంట్లలోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు చెడిపోతాయి, ప్రూఫుల టైమ్ దానికి తగ్గట్టు పెంచుకోవాలి. అధ్యాయం అయినప్పుడల్లా డీటీపీకి ఇవ్వకండి, ప్రతి మార్పుకీ అక్కడ మళ్లీ పని పడుతుంది.

డ్రాఫ్ట్ అయ్యాక పది రోజులు ముట్టుకోకండి. తర్వాత ప్రింట్ తీయించుకుని కాగితం మీద, ఎర్ర పెన్నుతో చదవండి. ముందుమాట రాయాల్సిన పెద్దవాళ్లని మాత్రం దసరా లోపే అడిగేయండి, సగం డ్రాఫ్టయినా సరే వాళ్ల చేతికివ్వండి. నవంబరు చివర్లో అడిగితే వాళ్లకి చదివే టైమ్ ఉండదు, పుస్తకం మొత్తం సిద్ధంగా ఉండి కూడా ఆ నాలుగు పేజీల కోసం జనవరి దాటిపోతుంది.