ఆకా, పత్రకమా? మొగ్గ చూడండి

హైదరాబాద్ కేబీఆర్ పార్కులో చెట్లను గుర్తుపట్టేటప్పుడు చాలామంది పత్రకాన్నే, అంటే ఒక ఆకులో భాగంగా ఉండే చిన్న ఆకులాంటి ముక్కనే, పూర్తి ఆకు అనుకుంటారు. ఇక పుస్తకంలో ఎంత వెతికినా చెట్టు దొరకదు.

తెంపక్కర్లేదు. కాడ కొమ్మకు అతికే చోట, పైవైపు మూలలో చూడండి. అక్కడ బుల్లి మొగ్గ ఉంటే ఆ కాడ నుంచి కొసదాకా అంతా ఒకటే ఆకు. లేకపోతే మీరు చూస్తున్నది పత్రకం, ఇంకా కిందికి రండి. కానుగలో 5 నుంచి 7 దాకా ఆకుల్లా కనిపించేవన్నీ కలిపి ఒక్క సంయుక్త పత్రమే, అంటే పత్రకాలుగా విడిపోయిన ఒకటే ఆకు. కరివేపాకు రెమ్మా అంతే. కొమ్మ కొస దగ్గర లేత ఆకుల్లో మొగ్గ సరిగా కనపడదు, కొమ్మ మధ్యలో 3, 4 చోట్ల చూడాలి.

ఉసిరి దగ్గర మాత్రం ఇది పనిచేయదు. రెమ్మ మొత్తం ఒకే ఆకులా ఉన్నా నిజానికి అది సన్నని కొమ్మ, దాని మీదివన్నీ విడి ఆకులే. పూత వచ్చినప్పుడు చూడండి, పూలు ఆ చిన్న ఆకుల మొదట్లోనే ఉంటాయి.