విక్టోరియా కాలపు ఇంగ్లండ్ మహిళ పుట్టింటిని పట్టుకోవడం ఎలా

విక్టోరియా రాణి కాలంలో (1837–1901) ఇంగ్లండ్‌లో బతికిన ఒక సాధారణ మహిళ వంశం వెతకాలంటే మొదటి చిక్కు ఇంటిపేరు దగ్గరే వస్తుంది. పెళ్లవగానే భర్త ఇంటిపేరు, ఆయన పోయి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇంకో ఇంటిపేరు. అందుకే ఆమె ఒక్కదాన్నే వెతక్కండి. పిల్లలు, తోబుట్టువులు, పెళ్లి సాక్షులు, సవతి తండ్రి, వీళ్లందరినీ వెతికితే వాళ్ల మధ్యలో ఆమె దొరుకుతుంది.

ఇసబెల్లా బీటన్‌ను తీసుకుందాం. 1861లో వంట, ఇంటి నిర్వహణ మీద పెద్ద పుస్తకం వేసి పేరు తెచ్చుకున్న ఆవిడ, 1865లో 28 ఏళ్లకే బాలింతగా పోయింది. మనకు ఈ మాత్రమే తెలుసు అనుకుని మొదలుపెడదాం.

ముందు పిల్లల దగ్గరికి వెళ్లండి. ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాలు, పెళ్లిళ్లు 1837 జులై 1 నుంచి ప్రభుత్వం నమోదు చేస్తోంది. ఈ రికార్డులు ఉంచే ప్రభుత్వ కార్యాలయమైన జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సైట్‌లో అకౌంట్ తెరిస్తే జననాల ఇండెక్స్ ఉచితంగా చూడొచ్చు, అందులో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. బీటన్ పిల్లలకు అది మేసన్ (Mayson). చిన్న కొడుకుకు ఏకంగా మేసన్ అనే పేరు పెట్టారు. తల్లి పుట్టింటి ఇంటిపేరును పిల్లల పేర్లలో పెట్టుకోవడం అప్పట్లో మామూలే, కాబట్టి వింతగా ఉన్న మధ్య పేరు ఏది కనపడినా వదలొద్దు.

ఇప్పుడు పెళ్లి. జనన, వివాహ, మరణాల ఇండెక్స్‌ను ఉచితంగా వెతకనిచ్చే ఫ్రీబీఎండీ (FreeBMD) సైట్‌లో బీటన్, మేసన్ రెండూ విడివిడిగా వెతికి, త్రైమాసికం, జిల్లా, సంపుటం, పేజీ నంబరు అన్నీ కలిశాయో లేదో చూడండి. ఒకే పేజీలో రెండు జంటలు ఉండొచ్చు కాబట్టి సర్టిఫికెట్ తెప్పించుకుంటేనే ఖాయం. వీళ్ల పెళ్లి 1856 జులైలో, ఎప్సమ్‌లో జరిగింది. సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి, తల్లి పేరు ఉండదు (నాకు చాలా బాధగా అనిపించే విషయం ఇది, 2021 దాకా ఇంతే). కింద సంతకాలు పెట్టిన సాక్షులు చాలాసార్లు అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో అయి ఉంటారు, వాళ్ల పేర్లు రాసిపెట్టుకోండి.

ఇసబెల్లా పుట్టింది 1836 మార్చిలో, అంటే ప్రభుత్వ నమోదు మొదలవకముందే. జనన సర్టిఫికెట్ ఉండదు. అలాంటప్పుడు చర్చి బాప్తిస్మ రిజిస్టర్లే గతి, వాటిని వెతకడానికి ఫ్యామిలీసెర్చ్ (FamilySearch), ఫ్రీరెగ్ (FreeREG) అనే సైట్లున్నాయి, రెండూ ఉచితమే.

తర్వాత జనాభా లెక్కలు, పదేళ్లకోసారి. 1841 లెక్కల్లో బంధుత్వం రాయలేదు, 15 దాటినవాళ్ల వయసును మామూలుగా కింది ఐదుకు తగ్గించి రాశారు. 1851 నుంచి బంధుత్వం, పుట్టిన ఊరు ఉంటాయి కాబట్టి అసలు పని అక్కడే జరుగుతుంది. ఇసబెల్లా చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి 1843లో హెన్రీ డోర్లింగ్ (Dorling) అనే భార్య పోయిన ఆయన్ని చేసుకుంది. ఆయనకు అప్పటికే నలుగురు పిల్లలు, ఈమెకు నలుగురు, ఇద్దరికీ కలిసి ఇంకో 13 మంది. మేసన్ అని మాత్రమే వెతికితే తల్లితో సహా ఈ సంసారమంతా మీ కంటపడకుండా పోతుంది.

మనవాళ్లు తరచూ పొరబడే విషయం ఒకటుంది. భార్య పోతే మరదల్ని చేసుకోవడం మన దగ్గర మామూలు, ఇంగ్లండ్‌లో మాత్రం 1835 చట్టం నుంచి 1907 దాకా ఆ పెళ్లి చెల్లదు. భార్య పోయినాయన ఇంట్లో మరదలు ఏళ్ల తరబడి ఉండి, ఎక్కడా పెళ్లి రికార్డు దొరక్కపోతే, లేదా ఎవరికీ తెలియని దూరపు ఊళ్లో పెళ్లి కనపడితే, ఈ కారణం కూడా ఆలోచించండి.

వీలునామాల సూచిక 1858 నుంచి ఉంది. 1883కి ముందు భర్త ఉన్న స్త్రీ అతని సమ్మతి లేకుండా వీలునామా రాయడం దాదాపు కుదరదు, కాబట్టి పెళ్లికాని మేనత్తలు, వితంతువులు రాసినవి చూడండి. మేనకోడళ్ల పేర్లు, వాళ్ల కొత్త ఇంటిపేర్లతో సహా, వాటిలోనే దొరుకుతాయి.

మీరు వెతికే మహిళ మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి ఉంటే విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి ఊళ్ల చర్చి రికార్డుల నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 (N/2) అనే నంబరున్న వరుసలో ఉన్నాయి. స్పెల్లింగ్ మాత్రం విజగపటం (Vizagapatam), మసులిపటం (Masulipatam) అని పాత పద్ధతిలో వెతకండి.